నమూనా విమానం రంగు ముదురుగా కనిపిస్తుందెందుకు?

రెండో ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ పేరున్న బ్రిటిష్ వాయుసేన 152వ స్క్వాడ్రన్, 1944లో బర్మా పోరులో స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాలు నడిపింది. 1/72 నమూనాలో ఆ విమానం 11.23 మీటర్ల రెక్కల వెడల్పు 15.6 సెంటీమీటర్లకు తగ్గుతుంది.

అసలు విమానం రంగునే పూసినా నమూనా ముదురుగా, కళ తప్పినట్టు కనిపిస్తుంది. కారణం వెలుతురు. మిట్టమధ్యాహ్నపు ఎండలో అది దాదాపు లక్ష లక్స్‌లు. ఇంటి గదిలో కొన్ని వందలే. వెలుతురు తగ్గితే రంగులు మన కంటికి మసకబారతాయి. అందుకే పెయింట్‌లో కొంచెం తెలుపు కలుపుతారు.

రెక్కల మీది గుండ్రని గుర్తులో మాత్రం ఎరుపు వేయకూడదు. జపాన్ విమానాల గుర్తు ఎర్రటి సూర్యబింబం. పొరపాటున సొంతవారే కాల్చకుండా, అక్కడి బ్రిటిష్ విమానాల గుర్తులోంచి ఎరుపు తీసేశారు. మిగిలినవి ముదురు నీలం, లేత నీలం.