వయసుకు వైకల్యం తోడైతే.. మూడు మెట్లే జైలు గోడ! మన వీధిలో ఏం మారాలి? పెద్దలకు ఏ హక్కులున్నాయి?

ఇంటి ముందు మూడే మెట్లు. పాతికేళ్ల కుర్రాడు వాటిని పట్టించుకోడు. పక్షవాతం వచ్చి వాకర్ పట్టుకున్న డెబ్బై ఏళ్ల పెద్దాయనకు మాత్రం ఆ మూడు మెట్లే గోడ. ఇద్దరు పట్టుకుంటే గానీ దిగలేడు. ముందు వాకింగ్ మానేస్తాడు, తర్వాత గుడి, ఆ తర్వాత పెళ్లిళ్లు, పేరంటాలు. చివరికి ఆస్పత్రికి తప్ప గడప దాటడు.

"పెద్దాయన కదా, ఇంట్లోనే ఉంటార్లే" అని చుట్టుపక్కలవాళ్లు సర్దుకుపోతారు. అసలు సమస్య అక్కడే మొదలవుతుంది.

ఎంతమంది ఉన్నారు?

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దివ్యాంగులు 2.68 కోట్ల మంది. వారిలో దాదాపు ఐదో వంతు మంది 60 ఏళ్లు దాటినవాళ్లే. పైగా అప్పుడు లెక్కించింది 8 రకాల వైకల్యాలనే. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం ఆ జాబితాను 21కి పెంచింది. పెద్ద వయసులో ఎక్కువగా కనిపించే పార్కిన్సన్స్ కూడా ఇప్పుడు అందులో ఉంది. అంటే అసలు సంఖ్య ఇంకా ఎక్కువే ఉంటుంది.

వీళ్లలో రెండు రకాలు

మొదటి రకం.. వయసు పెరిగాక వైకల్యం వచ్చినవాళ్లు. పక్షవాతం, షుగర్‌తో చూపు తగ్గడం, కాలు తీసేయడం, వినికిడి పోవడం లాంటివి. చాలామంది దీన్ని వైకల్యం అనుకోరు, "వయసైపోయింది" అనుకుంటారు. అందుకే సర్టిఫికెట్ కోసం వెళ్లరు.

రెండో రకం.. చిన్నప్పటి నుంచి వైకల్యంతోనే బతికి, ఇప్పుడు వృద్ధాప్యంలోకి వస్తున్నవాళ్లు. భారత్‌లో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014లో దేశం పోలియో రహితమైంది. కానీ 1960లు, 70ల్లో పోలియో బారిన పడిన పిల్లలు ఇప్పుడు యాభై, అరవై దాటుతున్నారు. వీళ్లలో కొందరికి దశాబ్దాల తర్వాత కండరాలు మళ్లీ బలహీనపడతాయి, త్వరగా అలసట వస్తుంది. దీన్నే పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారు. ఏళ్ల తరబడి చంకకర్రల మీద బరువు మోసిన భుజాలు కూడా అరిగిపోతాయి. నిన్నటిదాకా కర్రతో నడిచిన మనిషికి ఇవాళ వీల్‌చైర్ కావాలి. ఇల్లు, వీధి మాత్రం అలాగే ఉంటాయి.

పెన్షన్‌లో తేడా తెలుసా?

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధాప్య పెన్షన్ నెలకు రూ.4,000. దివ్యాంగులకు రూ.6,000. పక్షవాతం లాంటి కారణాలతో మంచానికో, వీల్‌చైర్‌కో పరిమితమైనవారికి రూ.15,000. తెలంగాణలో వృద్ధులకు రూ.2,016 అయితే, దివ్యాంగులకు రూ.4,016.

అంటే 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పెద్దలు కేవలం వృద్ధాప్య పెన్షన్ తీసుకుంటుంటే, తెలంగాణలో అందాల్సిన దానిలో సగమే అందుతున్నట్టు. చేయాల్సింది ఒకటే.. మీసేవలో గానీ, గ్రామ, వార్డు సచివాలయంలో గానీ సదరం స్లాట్ గురించి అడగాలి. మెడికల్ బోర్డు పరీక్ష తర్వాత సర్టిఫికెట్ వస్తుంది. దేశమంతా చెల్లే యూడీఐడీ కార్డుకు కూడా అప్లై చేసుకోవాలి.

ర్యాంప్ ఉంది కదా.. సరిపోదా?

చాలా అపార్ట్‌మెంట్లలో, ఆఫీసుల్లో ర్యాంప్ ఉంటుంది. కానీ అది బైకులు ఎక్కించడానికి వేసింది. కేంద్రం 2021లో ఇచ్చిన మార్గదర్శకాల లెక్క 1:12. అంటే అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు. ఆరంగుళాల మెట్లు మూడుంటే ర్యాంప్ 18 అడుగులు ఉండాలి. రెండు వైపులా పట్టుకునే కడ్డీలు కావాలి. నాలుగడుగుల్లో నిటారుగా వేసిన ర్యాంప్ వీల్‌చైర్‌ను వెనక్కి దొర్లిస్తుంది. అది సౌకర్యం కాదు, ప్రమాదం.

కాలనీ వాళ్లు చేయగలిగేవి

అన్నిటికీ లక్షలు అక్కర్లేదు.

• మెట్ల అంచులకు పసుపు రంగు పట్టీ వేస్తే చూపు తగ్గినవారికి మెట్టు తెలుస్తుంది.
• బాత్రూంలో గోడకు గట్టి కడ్డీ, నేలకు జారని టైల్స్. తలుపు బయటకు తెరుచుకునేలా ఉంటే, లోపల పడిపోయినా బయటివాళ్లు తీయగలరు.
• ఫుట్‌పాత్ మీద బండ్లు పెట్టకపోవడం. దీనికి రూపాయి కూడా ఖర్చు కాదు.
• గుళ్లలో, ఫంక్షన్ హాళ్లలో నాలుగు కుర్చీలు, ఒక వీల్‌చైర్ సిద్ధంగా ఉంచడం.
• వినికిడి తక్కువ ఉన్నవారితో అరవకుండా, ఎదురుగా నిలబడి నెమ్మదిగా మాట్లాడటం.
• అసోసియేషన్ మీటింగ్ పై అంతస్తులో కాకుండా కిందే పెట్టడం. నిర్ణయాలు తీసుకునే చోట ఆ పెద్దలే ఉంటే, ఏం కావాలో వాళ్లే చెబుతారు.

చట్టం ఏం చెబుతోంది?

2016 చట్టం ప్రకారం దివ్యాంగులకు అనువుగా లేని ప్లాన్లకు బిల్డింగ్ పర్మిషన్ ఇవ్వకూడదు. ఉల్లంఘిస్తే మొదటిసారి రూ.10,000 వరకు, మళ్లీ చేస్తే రూ.50,000 నుంచి రూ.5 లక్షల వరకు జరిమానా. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. ఈ ప్రమాణాలు సలహాల్లా మిగిలిపోకూడదని, తప్పనిసరి నిబంధనలుగా మార్చాలని కేంద్రాన్ని ఆదేశించింది.

2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల సంక్షేమ చట్టం ప్రకారం ఆస్పత్రుల్లో 60 దాటినవారికి ప్రత్యేక క్యూ ఉండాలి. పిల్లలు చూడకపోతే ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌లో ఫిర్యాదు చేయొచ్చు.

వాకర్, వీల్‌చైర్, వినికిడి యంత్రం కొనలేని పేద వృద్ధులకు రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద ఉచితంగా ఇస్తారు. ఈ పథకం 2017 ఏప్రిల్ 1న మొదలైంది మన నెల్లూరులోనే.

ఎవరికి ఫోన్ చేయాలి?

వృద్ధుల జాతీయ హెల్ప్‌లైన్ 14567. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు ఉచితంగా పనిచేస్తుంది. పెన్షన్, న్యాయ సలహా, వేధింపుల ఫిర్యాదు.. ఏదైనా అడగొచ్చు.

ఈ నంబర్ ఫోన్‌లో సేవ్ చేసుకోవడం మంచిదే. అంతకంటే ముందు, మీ వీధిలో ఈ మధ్య బయట కనిపించని పెద్దవాళ్లు ఎవరో ఒకసారి గుర్తు చేసుకోండి. వాళ్ల గుమ్మం ముందు ఎన్ని మెట్లున్నాయో చూడండి.