రాత్రి బడి కదిపిన ఊళ్లు

నెల్లూరు జిల్లా పల్లెల్లో వయోజన విద్య పాఠం సారా దుకాణం దాకా నడిచింది. అక్షరాస్యత కార్యక్రమాలు నడిపేవాళ్లు ఇప్పటికీ నేర్చుకోవాల్సిన అనుభవం అది.

1991లో నెల్లూరు జిల్లాలో ‘అక్షర దీపం’ పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. ఆనాటి జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చదువొచ్చిన ఆడవాళ్లు నూటికి 33 మంది. పగలంతా చేలో నడుం వంచి, ఇంటికొచ్చి వంట ముగించిన కూలి తల్లులు రాత్రిపూట పలకలు పట్టుకుని కూర్చున్నారు.

వాళ్ల వాచకంలో ‘సీతమ్మ కథ’ అని ఒక పాఠం ఉండేది. సారా కూలి కుటుంబాన్ని ఎలా పీల్చేస్తుందో చెప్పే కథ. అక్షరాలు కూడబలుక్కుని చదివాక మాటలు మొదలయ్యేవి. ఇంటికి రావాల్సిన కూలి డబ్బు ఎటు పోతోంది? బియ్యానికి మిగిలేదెంత? ఈ లెక్క వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. దాన్ని నలుగురిలో పైకి చెప్పుకునే చోటు మాత్రం రాత్రి బడే ఇచ్చింది.

కలిగిరి మండలం దూబగుంటలో ఆ మాటలు చేతల్లోకి దిగాయి. వర్ధినేని రోశమ్మ లాంటి వాళ్లు ముందు నడవగా ఆడవాళ్లు ఏకమై ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపేశారు.

అక్కడితో ఆగలేదు. దూబగుంట గెలుపే తర్వాతి వాచకంలో పాఠమైంది. పొరుగూళ్ల వాళ్లు దాన్ని చదివి, తమ ఊరి దుకాణం మీదికి కదిలారు. 1992లో జిల్లాలో సారా వేలం పాటలను సాగనివ్వలేదు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించారన్నది నిజమే. కానీ ఉద్యమంలో కూడిన ఆడవాళ్లు ‘పొదుపులక్ష్మి’ సంఘాలు కట్టి, రోజుకో రూపాయి చొప్పున దాచుకున్నారు. పాస్‌బుక్కు, తీర్మానం, సంతకం వచ్చాక చదువుతో రోజూ పనిపడింది. అందుకే ఆ చదువు నిలిచింది.

ఇప్పుడు 2022–27 కాలానికి కేంద్రం ‘ఉల్లాస్’ అనే వయోజన విద్యా పథకాన్ని అమలు చేస్తోంది. పదిహేనేళ్లు దాటిన నిరక్షరాస్యులకు వాలంటీర్లు చదువు చెబుతారు. చివర చదవడం, రాయడం, లెక్కల్లో 150 మార్కుల పరీక్ష ఉంటుంది. ఆర్థిక, డిజిటల్ వ్యవహారాల్లాంటి జీవన నైపుణ్యాలూ ఇందులో భాగమే. అయితే అవి పుస్తకంలో అధ్యాయంగా మిగిలిపోతే, పరీక్షయ్యాక పలక మళ్లీ అటకెక్కుతుంది. ఉపాధి కూలీ తన జాబ్ కార్డులో పనిదినాలు సరిచూసుకోవడం, సంఘం సభ్యురాలు వడ్డీ లెక్క తానే వేసుకోవడం, గ్రామసభకు అర్జీ తానే రాయడం తరగతిలో భాగం కావాలి. ఆ అర్జీకి జవాబు వచ్చేదాకా వాలంటీరు వాళ్ల వెంట ఉండాలి.