మీ వెబ్ యాప్‌కి వచ్చినవాళ్ల ఐపీ అడ్రస్: ఏది నమ్మాలి?

మీరు ఒక చిన్న వెబ్ యాప్ చేశారనుకోండి. ఎవరో లాగిన్ పేజీలో వరుసపెట్టి పాస్‌వర్డ్‌లు ట్రై చేస్తున్నారు. ఆ ఐపీని బ్లాక్ చేసేస్తే అయిపోతుంది కదా అనిపిస్తుంది. మరి ఆ ఐపీ మన యాప్‌కి ఎలా తెలుస్తుంది? ఈ ఎపిసోడ్‌లో అదే చూద్దాం.

బ్రౌజర్ మన సర్వర్‌కి కనెక్ట్ అయినప్పుడు, అవతలి అడ్రస్ తెలియకపోతే సర్వర్ జవాబు పంపలేదు. అందుకే ఆ అడ్రస్ కనెక్షన్‌లోనే ఉంటుంది. పీహెచ్‌పీలో అయితే రిమోట్ అడ్రస్ అనే పేరుతో దొరుకుతుంది. దీన్ని మార్చి మోసం చేయడం చాలా కష్టం.

కానీ మధ్యలో క్లౌడ్‌ఫ్లేర్ లాంటి ప్రాక్సీ ఉంటే, మన సర్వర్‌తో మాట్లాడేది ఆ ప్రాక్సీ మాత్రమే. కాబట్టి మనకి కనిపించేది ప్రాక్సీ ఐపీ. దాన్ని బ్లాక్ చేశామా, మంచివాళ్లు కూడా బయటే ఉండిపోతారు! అందుకే ప్రాక్సీ అసలు అడ్రస్‌ని ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ అనే హెడర్‌లో రాసి పంపుతుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆ హెడర్‌ని ఎవరైనా తమకి నచ్చినట్టు రాసి పంపొచ్చు. ప్రాక్సీ మామూలుగా దాన్ని చెరిపేయదు, తను చూసిన అడ్రస్‌ని చివర్లో కలుపుతుంది. ఉదాహరణకి "198.51.100.7, 203.0.113.25" అని వచ్చిందనుకోండి. మధ్యలో మన ప్రాక్సీ ఒక్కటే ఉంటే, నమ్మాల్సింది కుడివైపు ఉన్నదాన్నే. ఎడమవైపుది వాళ్లు సొంతంగా రాసుకున్నది కావచ్చు. మొదటిది తీసుకునే కోడ్ రాస్తే, దాడి చేసేవాడు ప్రతిసారీ కొత్త నంబర్ పెట్టి మీ బ్లాక్‌ని దాటేస్తాడు. మీ ప్రాక్సీలు రెండు ఉంటే కుడి నుంచి రెండోది తీసుకోండి. ఎక్స్‌ప్రెస్‌లో దీనికోసమే ట్రస్ట్ ప్రాక్సీ సెట్టింగ్ ఉంది. ఇంకో మాట, ప్రాక్సీని తప్పించుకుని ఎవరూ నేరుగా సర్వర్‌కి రాకుండా ఫైర్‌వాల్‌లో ఆపాలి. లేకపోతే ఈ లెక్కంతా వృథా.

సరైన ఐపీ దొరికినా, అది ఒక్క మనిషిది అనుకోవద్దు. మొబైల్ డేటాలో ఒకే ఐపీవీ4 అడ్రస్‌ని ఎంతోమంది పంచుకుంటారు. హాస్టల్ వైఫై కూడా అంతే. ఒకడి కోసం ఐపీ బ్లాక్ చేస్తే, రేపు పరీక్ష ఫీజు కట్టాల్సిన పక్క రూమ్ అమ్మాయి కూడా ఆగిపోతుంది. అందుకే ఐపీతో పాటు, ఒక్కో అకౌంట్‌కి ఎన్నిసార్లు తప్పు పాస్‌వర్డ్ పడిందో కూడా లెక్కపెట్టండి.

ఇవాళే ఒక పని చేయండి. ఆ హెడర్‌లో దొంగ ఐపీ పెట్టి మీ యాప్‌కి మీరే ఒక రిక్వెస్ట్ పంపండి. లాగ్‌లో ఆ దొంగ ఐపీయే విజిటర్‌దిగా కనిపిస్తే, కోడ్ మార్చాల్సిందే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.