ఇంటికప్పుమీద సౌరవిద్యుత్తు : ఆటోనగర్‌కు వచ్చిన కొత్త పని

రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయని మన పెద్దలమాట. బెజవాడవాసులకు ఆ మాట ఒకరు చెప్పవలసిన పని లేదు. ఆ ఎండనే ఇంటికి దీపంగాను, పంకాగాను మార్చుకొనే విద్య ఇప్పుడు మన వీథులలోకి వచ్చింది. తెలుగు పాఠం చెప్పుకొనేవాడికి దీనితో పనేమని మిత్రులొకరు పరిహాసం చేశారు. మా తరగతులలో కూర్చొనే పిల్లలలో పలువురి తండ్రులు, అన్నలు జవహర్ ఆటోనగర్‌లో లారీల బాడీలు కట్టేవారు, వైరింగు చేసేవారు, వెల్డింగు చేసేవారు. వారిలో కొందరు ఈ కొత్త పనివైపు చూస్తున్నారు. వారి వెంట డాబాలెక్కి, తెలిసినంత తెలుసుకొని, నా లెక్కలను ఒక ఉస్తాదు చేత దిద్దించుకొని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

వెలుగు పడినప్పుడు కొన్ని పదార్థాలలో విద్యుత్తు పుడుతుందని 1839లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎడ్మండ్ బెకరెల్ కనుగొన్నాడు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1954లో తయారైన సిలికాన్ ఘటం తనపై పడిన వెలుగులో సుమారు 6 శాతాన్ని విద్యుత్తుగా మార్చింది. నేడు మన డాబాలమీద బిగిస్తున్న ఫలకాలు 20 శాతం దాటాయి. చరిత్ర ఇంతమాత్రం చాలు. పని మొదలయ్యేది ఫలకంతో కాదు, ఇంటివారి ఖర్చుతో.

ఒక మధ్యతరగతి ఇంటిని తీసుకొందాము. 9 వాట్ల దీపాలు ఆరు, రోజుకు 5 గంటలు వెలిగితే 270 వాట్-గంటలు. 75 వాట్ల పాతరకం పంకాలు మూడు, పది గంటలు తిరిగితే 2250. ఫ్రిజ్జుకు సుమారు 1000, టీవీకి 320. మొత్తం 3840, అనగా దాదాపు 4 యూనిట్లు. మన ప్రాంతంలో ఒక కిలోవాటు ఫలకాలు సగటున రోజుకు 4 యూనిట్ల వరకు ఇస్తాయి. వాటికి సుమారు 100 చదరపుటడుగుల నీడలేని జాగా కావాలి. కావున ఆ ఇంటికి ఒక కిలోవాటు సరిపోతుంది. అయితే అదే ఇంట్లో 30 వాట్ల కొత్తరకం పంకాలు పెడితే రోజుకు 1350 వాట్-గంటలు మిగులుతాయి. కిలోవాటు ఫలకాల ఉత్పత్తిలో ఇది మూడవ వంతు! ఫలకాలు అమ్మవచ్చినవారు ఈ మాట సాధారణంగా చెప్పరు. నేర్చుకొనేవాడు మొదట నేర్వవలసినది ఇదే.

ఎండ ఎంత మండితే అంత విద్యుత్తు వస్తుందనుకొనడం పొరపాటు. ఫలకానికి కావలసినది వెలుగు. వేడి దానికి శత్రువు. 25 డిగ్రీలవద్ద 540 వాట్లిచ్చే ఫలకం, మే నెలలో తన ఒళ్లు 65 డిగ్రీలకు కాగినప్పుడు, డిగ్రీకి సుమారు 0.35 శాతం చొప్పున కోల్పోయి 465 దగ్గర నిలుస్తుంది. అందుచేత ఫలకాన్ని డాబాకు అతికించినట్లు పరచక, క్రింద గాలి ఆడేటట్లు ఎత్తి కట్టవలె.

విజయవాడ 16.5 ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. ఫలకాలు దక్షిణముఖంగా, దాదాపు అంతే కోణంలో వాలి ఉండడం వాడుక. డిసెంబరు 22 మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. మీటరు ఎత్తు నీళ్లట్యాంకు నీడ అప్పుడు ఉత్తరానికి 84 సెంటీమీటర్లు సాగుతుంది. ఉదయం తొమ్మిదికి ఇంకా పొడవు. వరుసలో ఒక్క ఫలకంమీద ఆ నీడ పడితే వరుస మొత్తానికి నష్టం కలుగవచ్చు. మా కుర్రవాళ్లు సుద్దముక్కతో డాబామీద నీడల హద్దులు గీశారు. నేను మొదట గీసిన నమూనాలో రెండు ఫలకాలు సరిగా ట్యాంకు నీడలోనే ఉన్నాయి! వారు నవ్వలేదు గాని, తుడిచివేశారు.

ఇక అసలు చెప్పవలసిన సంగతి. ఆటోనగర్ వైరింగు పనివారికి డి.సి. కరెంటు పుట్టినింటిది. లారీ బ్యాటరీ 24 వోల్టులు. తీగ కొసను ఇనుముకు తాకించి, రవ్వ వచ్చిందా లేదా అని చూడడం అక్కడ అందరికీ అలవాటు. ఆ అలవాటే డాబామీద ప్రాణం తీస్తుంది. సుమారు 49.5 వోల్టుల ఫలకాలు ఆరింటిని వరుసగా కలిపితే 297 వోల్టులు. చల్లని ఉదయాన 300 దాటుతుంది. ఇంటికి వచ్చే ఎ.సి. ప్రవాహం సెకనుకు నూరుమార్లు సున్న అవుతుంది గనుక, స్విచ్చి తెరిచినప్పుడు పుట్టిన రవ్వ ఆరిపోయే వీలుంది. డి.సి.కి ఆ విరామం లేదు. తెరచిన సందులో మంట నిలిచి, రాగిని సైతం కరిగిస్తుంది. కనుక డి.సి.కి తగిన స్విచ్చినే వాడాలి; ఇంట్లో మిగిలిన ఎ.సి. స్విచ్చి పనికిరాదు. ప్రవాహం నడుస్తుండగా ఫలకాల జోడింపును ఊడదీయరాదు. ముందు ఎ.సి.ని, తరువాత డి.సి.ని ఆపవలె. అంత చేసినా ఎండ ఉన్నంతసేపు ఫలకం కొసలలో వోల్టేజి ఉండనే ఉంటుంది; సూర్యునికి స్విచ్చి లేదు గదా! ముప్పది ఏండ్ల అనుభవం గల ఉస్తాదు ఈ పాఠం విన్నప్పుడు తన చేతివ్రేళ్లవైపు చూసుకొని చాలాసేపు మాట్లాడలేదు.

ఇనుప చట్రం మాత్రం ఆయన సొంత విద్య. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను మన జిల్లా మరువలేదు. ఇంజనీర్ల ప్రమాణాలలో విజయవాడకు లెక్కలోకి తీసుకొనవలసిన గాలివేగం సెకనుకు 50 మీటర్లు. ఆ గాలి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల ఒత్తిడి చూపుతుంది. రెండున్నర చదరపు మీటర్ల ఫలకం తెరచాప అయితే దానిమీద ఎన్ని కిలోలు పడతాయో విద్యార్థులే గుణించుకొనవచ్చు. ఇసుకబస్తాలు ఆనించి నిలబెట్టే పద్ధతి మన తీరానికి తగదు.

2024 సెప్టెంబరు మొదటి రోజులలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు అక్కడ దీపం లేదు, ఫోను చార్జి లేదు. మా బంధువుల ఇంటిమీద ఫలకాలున్నవి, మరునాటినుండి ఎండ కూడ కాచింది. అయినా ఒక్క దీపం వెలుగలేదు. వారికి ఎవరూ చెప్పని సంగతి ఇది: విద్యుత్ సంస్థ తీగలతో ముడిపడిన ఇన్వర్టరు, తీగలలో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. తీగలు బాగుచేసే లైన్‌మన్‌కు మన డాబానుండి కరెంటు తగలరాదనే ఈ ఏర్పాటు. ఆపదలో వెలుగు కావాలంటే బ్యాటరీ, దానికి తగిన హైబ్రిడ్ ఇన్వర్టరు ఉండాలి. 12 వోల్టుల 150 ఆంపియర్-గంటల బ్యాటరీలో 1800 వాట్-గంటలుంటాయి. సగమే వాడుకొన్నా నాలుగు దీపాలు, ఒక పంకా ఒక రాత్రి గడుస్తాయి. అయితే బ్యాటరీని మెట్లక్రింద పెట్టినవారికి అదీ దక్కలేదు. దాని చోటు మేడమీద, నీడలో.

2024 ఫిబ్రవరిలో ప్రకటించిన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్ల వరకు కిలోవాటుకు 30,000 రూపాయలు, 3 కిలోవాట్లు, ఆపైన 78,000 రూపాయలు సహాయంగా నిర్ణయించారు. దీనివల్ల పని పెరిగింది. అయితే ఆ సహాయం అందాలంటే నమోదైన సంస్థల ద్వారానే బిగింపు జరగాలి. 2015లో మొదలైన 600 గంటల సూర్యమిత్ర శిక్షణకు పదవ తరగతి, ఆపైన ఐ.టి.ఐ. అడిగారు. ఏడవ తరగతితో బడి మానిన ఉస్తాదు చట్రం కట్టగలడు, తీగ లాగగలడు, తప్పు పట్టగలడు. కాగితం లేదు గనుక రోజుకూలీగానే డాబా ఎక్కుతున్నాడు. అతని చేతి పనికి సంతకం మరొకరిది.

ఆ కాగితపు మొదటి మెట్టు ఓపెన్ స్కూలు పదవ తరగతి. మా కుర్రవాళ్లు సాయంకాలాలు షెడ్డులో పాఠాలు చెబుతున్నారు; తెలుగు నా వంతు. ఈ ఏడు ముగ్గురు పరీక్షకు రుసుము కట్టారు. వారిలో ఒకరి వయస్సు 41. లెక్కల పేపరు గురించి ఆయనకు భయం లేదు, వ్యాసం వ్రాయవలసి వస్తుందేమోనని మాత్రం దిగులు.