ఒక్క బెజ్జం కూడా వేయకుండా

బండిలో పడుకుని ఊళ్లు తిరిగే విద్య నేర్చుకోవాలంటే ఫారిన్ వీడియోలే చూడనక్కర్లేదు. పొద్దున్నే మలక్‌పేట గంజ్ దగ్గరికి రండి. మహారాష్ట్ర నుంచి ఉల్లిగడ్డ తెచ్చిన లారీలు వరసగా ఆగి ఉంటాయి. క్యాబిన్‌లో డ్రైవర్ సీటు వెనక అడ్డంగా పడక. ఛాసిస్ పక్కన బిగించిన ఇనప పెట్టె తెరిస్తే అదే వంటిల్లు: స్టవ్వు, రెండు గిన్నెలు, ఉప్పూ కారం డబ్బాలు. కింద నీళ్ల డ్రమ్ము, దానికొక నల్లా. పెట్టె మూతని కిందికి వాల్చి, దాని మీదే క్లీనరు కూరగాయలు తరుగుతాడు. పడక లోపల, వంట బయట. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే సగం పని అయినట్టే.

నేను ఆర్టీసీ మియాపూర్ బస్ బాడీ యూనిట్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. నైట్‌హాల్ట్ బస్సుల్లో డ్రైవరూ కండక్టరూ సీట్ల మీదే నడుం వాల్చడం చూశాను కాబట్టి బండిలో కాపురం నాకు వింత కాదు. ఆ మాటకొస్తే తెలుగువాళ్లెవరికీ వింత కాదు. 1982 మార్చి 29న పార్టీ పెట్టిన ఎన్టీ రామారావు, పాత షెవ్రొలే వ్యానుని చైతన్య రథం చేయించుకుని, కొడుకు హరికృష్ణ తోలుతుంటే రాష్ట్రమంతా తిరిగారు. తిండీ నిద్రా చాలావరకు దాంట్లోనే, పైకెక్కితే అదే వేదిక. 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. రాజకీయం పక్కన పెట్టండి, మన దగ్గర ఇంతకంటే పేరున్న క్యాంపర్ ఇంకోటి లేదని నా లెక్క.

ఈమధ్య మా గల్లీ పిల్లగాడు సెకండ్‌హ్యాండ్ ఎర్టిగా తెచ్చి మా వాకిట్లో ఆపాడు. "అంకుల్, వెనక సీట్లన్నీ పీకేసి మంచం ఫిట్ చేద్దాం. టాప్ కోసి కొంచెం లేపుదాం" అన్నాడు.

"పీకితే ఆర్‌సీలో ఏడు సీట్లుంటయి, బండిలో రెండే ఉంటయి. రేపు ఆర్టీవో సారుకి ఏం చెప్తవ్ బేటా?" అన్నాను. ఆర్టీవో ఆఫీసు మా మలక్‌పేటలోనే ఉంది మరి.

1988 మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 అని ఒకటుంది. కంపెనీ ఇచ్చిన కొలతలకీ, ఆర్‌సీలో ఉన్న వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదంటుంది. కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే తేల్చింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, ఇలా మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీకి సాకు దొరుకుతుంది కూడా. అలాగని క్యాంపర్ వ్యాన్ నేరమేం కాదు. సొంత వాడకానికి పెట్టుకునే క్యాంపర్‌కి కేంద్రం వాహనాల జాబితాలో చోటుంది. మోటార్ క్యారవాన్లకి ఏఐఎస్-124 అని ప్రమాణమూ ఉంది. కానీ అది పరీక్షలు, సర్టిఫికెట్లు దాటి రావాల్సిన వ్యవహారం. వాకిట్లో కట్టర్ మిషన్ పట్టుకుని చేసేది కాదు.

అందుకని మేం ఒక నియమం పెట్టుకున్నాం: బండికి కొత్తగా ఒక్క బెజ్జం కూడా వేయం. చేసేదంతా సామాను. బయల్దేరేటప్పుడు ఎక్కించాలి, తిరిగొచ్చాక దించాలి.

ఎర్టిగాలో మూడో వరసా, రెండో వరసా ముందుకి మడవొచ్చు. కాకపోతే మడిచిన సీట్ల మీద ఎత్తుపల్లాలు ఉంటాయి, అక్కడే నడుం పట్టేస్తుంది. దాని మీద సమంగా ఒక బల్ల కావాలి. పిల్లగాడు 19 ఎంఎం ప్లైవుడ్ అన్నాడు. ఎనిమిదడుగుల నాలుగడుగుల షీటు ఒక్కటే 35 కిలోలు దాటుతుంది. 12 ఎంఎం అయితే 23 కిలోల దగ్గర ఆగుతుంది. కింద అల్యూమినియం పట్టీలు వేస్తే అదే బోలెడు గట్టి. మూడు ముక్కలు కోసి, కబ్జాలతో కలిపి, పెళ్లి భోజనాల బల్లకి ఉన్నట్టు మడిచే కాళ్లు పెట్టాం. కాళ్ల కింద రబ్బరు బుష్షులు వేయకపోతే రోడ్డు మీద టకటకమని ప్రాణం తీస్తుంది. బస్సులకి కూడా అంతే, చప్పుడంతా వదులు దగ్గరే పుడుతుంది. డిక్కీ వైపు రెండు సొరుగులు: ఒకదాంట్లో స్టవ్వూ గిన్నెలూ, ఇంకోదాంట్లో బట్టలు. మొత్తాన్ని లోడ్ కట్టే బెల్టుతో సీట్ల ఇనప బ్రాకెట్లకి బిగించాం. ఈ బెల్టు విషయంలో బద్ధకం పనికిరాదు. సడన్ బ్రేక్ పడితే సొరుగు వచ్చేది డ్రైవర్ మెడ మీదికే.

వంట ఎప్పుడూ డిక్కీ తలుపెత్తి, కిందికి దిగి, నేల మీద నిలబడే. వంటగ్యాస్ గాలి కంటే బరువు. లీకైతే పైకి పోదు, బండి అడుగున పేరుకుంటుంది. కిటికీ తెరిచాం కదా అనుకుంటే చాలదు.

కరెంటుకి కూడా బండి వైరింగ్ ముట్టుకోలేదు. డాష్‌బోర్డులో ఉండే 12 వోల్టుల సాకెట్ సాధారణంగా 120 వాట్లకి మించి మోయదు. విడిగా ఒక 100 ఆంపియర్ అవర్ బ్యాటరీ పెట్టుకుంటే కాగితం మీద 1,200 వాట్ అవర్లు. లెడ్ యాసిడ్‌ది అయితే సగమే వాడాలి, లేకపోతే తొందరగా చస్తుంది. ఆ సగంతోనే 20 వాట్ల డీసీ ఫ్యాను రాత్రంతా తిరుగుతుంది, లైట్లు వెలుగుతాయి, ఫోన్లు నిండుతాయి. బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండి తీరాలి. ఫ్యాన్లు, వైర్లు, ఫ్యూజులు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి, బేరమాడే ఓపిక ఉండాలంతే.

మన దగ్గర అసలు శత్రువు ఎండ. అద్దాలకి న్యూస్‌పేపర్ ఆనించి ఆకారం గీసుకుని, వెండిరంగు ఫోమ్ షీటు కోసి లోపలి నుంచి అతికిస్తే పగటి వేడి చాలా తగ్గుతుంది. రాత్రికి వెనక తలుపులకి దోమతెర తొడుగు వేసి, అద్దాలు రెండు వేళ్ల మందం దించాలి. ఏసీ కోసం ఇంజన్ ఆన్‌లో పెట్టి, అద్దాలు మూసి పడుకునేవాళ్లున్నారు. ఇంజన్ పొగలో వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగుండదు, వాసనుండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మే నెలలో మైదానంలో కారు పడక పెట్టుకోకండి, అంతే.

ఎక్కడ ఆపాలన్నది ముందే చూసుకోవాలి. శ్రీశైలం దారిలో మన్ననూరు గేటు దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అడవిలోకి వదలరు. ఆలస్యమైతే గేటు ఇవతలే పడక. హైవే మీదైతే పెట్రోల్ బంకు నయం. మంచినీళ్లు, మరుగుదొడ్డి ఉచితంగా ఇవ్వాలన్నది వాళ్ల నిబంధనల్లోనే ఉంది. మేనేజరుని ఒక మాట అడిగి, లైటు పడే మూలన ఆపుకోండి.

ఇదంతా చదివి టింబర్ డిపోకి బయల్దేరకండి. ముందు మీ కారులో సీట్లు మడిచి, ఇంట్లో ఉన్న పరుపే పరిచి, ఒక రాత్రి ఇంటి ముందే పడుకోండి. కాళ్లు ఎక్కడ తగిలాయి, గాలి ఎటు ఆడలేదు, దోమలు ఎటు నుంచి వచ్చాయి, ఒక కాగితం మీద రాసుకోండి. చెక్క కొలతలు ఆ కాగితం చూసి చెప్పండి.