ఓటమి నేర్పే పాఠం – చదరంగ సాధనకు రోజుకు 45 నిమిషాలు

రతన్‌పూర్ ఒకప్పుడు కలచురి రాజుల రాజధాని. నేడు మహామాయా దేవి దర్శనానికి వచ్చే యాత్రికులకు అది పుణ్యక్షేత్రం. అక్కడ నివసిస్తూ సుమారు 25 కిలోమీటర్ల దూరంలోని బిలాస్‌పూర్‌లో ఉద్యోగం చేసే నాబోటి వారికి మాత్రం అది ప్రతి ఉదయం బస్సు ఎక్కే ఊరు. ఆ బస్సు ప్రయాణమే నాకు చదరంగ పాఠశాల అయిన వైనాన్ని సహోద్యోగులతోనూ, వారి కుటుంబ సభ్యులతోనూ పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

డ్యూటీ దిగిన తరువాత మిత్రులతో రెండు మూడు ఆటలు ఆడి ఇల్లు చేరడం నాకు ఎన్నో ఏళ్ల అలవాటు. ఎత్తులు వేసే వేగం పెరిగింది గాని, ఆట పెరగలేదు. ఇంతలో నా వద్దనే ఆట నేర్చుకున్న పదేళ్ల కుమార్తె నన్ను ఓడించడం మొదలుపెట్టింది. అందుకు సంతోషించాను. కాని ఒక సాయంత్రం ఆ చిన్నారి "నాన్నా! నిన్న కూడా ఇలాగే ఓడిపోయావు కదా!" అన్నప్పుడు సమాధానం తోచలేదు. ఆమెకు నేర్పడానికి నా వద్ద ఇక ఏమీ మిగలలేదని ఆ క్షణాన గ్రహించాను.

ఆడటం వేరు, అభ్యసించడం వేరు

ఆడిన ఆటను తిరిగి పరిశీలించనంత కాలం చేసిన తప్పే అలవాటుగా స్థిరపడుతుంది. ఈ సత్యాన్ని ఆచరించి చూపిన మహనీయుడు సోవియట్ క్రీడాకారుడు మిఖాయిల్ బోట్విన్నిక్. ఆయన వృత్తిరీత్యా విద్యుత్ ఇంజనీరు. 1948లో ప్రపంచ విజేత అయిన తరువాత కూడా వృత్తిని విడువక, 1951లో డాక్టరేట్ పట్టాను సాధించారు. తన ఆటలను తానే నిర్దాక్షిణ్యంగా విమర్శించుకోవడం ఆయన శిక్షణా పద్ధతికి పునాది. ఉద్యోగ బాధ్యతల నడుమ సాధన అసాధ్యమని తలచే వారికి ఆయన జీవితమే సమాధానం.

నా దినచర్య

సోమవారం నుండి శుక్రవారం వరకు రోజుకు 45 నిమిషాలు నియమించుకున్నాను. అందులో 20 నిమిషాలు బస్సులో గడుస్తాయి. సెల్‌ఫోనులో 'లీచెస్' వంటి ఉచిత సాధనాలు వాస్తవంగా జరిగిన ఆటల నుండి తీసిన సమస్యలను అందిస్తున్నాయి. గుర్రంతో ఒకేసారి రెండు బలగాలపై దాడి, చివరి వరుసలో ఆటకట్టు వంటివి ఇందులో ముఖ్యమైనవి. ఇక్కడ ఒక నియమం తప్పనిసరి. ప్రత్యర్థి ఇవ్వగల జవాబులన్నీ మనసులో పూర్తిగా చూసుకున్న పిదపనే తెరను తాకవలెను. ఊహించి వేలు కదిపితే అది సాధన కాదు, కాలక్షేపం.

మిగిలిన 25 నిమిషాలు రాత్రి భోజనానంతరం ఆట ముగింపుల అధ్యయనానికి కేటాయించాను. ప్రారంభపు ఎత్తులను కంఠస్థం చేయడానికి ముందు ముగింపులను అభ్యసించాలని 1921 నుండి 1927 వరకు ప్రపంచ విజేతగా నిలిచిన క్యూబా దేశీయుడు కాపబ్లాంకా బోధించారు. ఉదాహరణకు, ఇరు రాజులు మధ్య ఒక్క గడి విడిచి ఎదురెదురుగా నిలిచినప్పుడు, ఎత్తు వేయవలసిన వాడే దారి విడువవలసి వస్తుంది. మన రాజు తన బంటుకు ముందుగా ఆరవ వరుసను చేరితే, అది అంచు బంటు కానంతవరకు, ఎత్తు ఎవరిదైనా గెలుపు మనదే. బల్లపై రాజులూ ఒక బంటూ మాత్రమే ఉంచి వారం రోజులు ఈ ఒక్క విషయాన్నే సాధన చేసినా ఫలితం కనిపిస్తుంది.

శనివారం ఒకే ఒక్క ఆట. ఒక్కొక్కరికి గంట సమయం. ప్రతి ఎత్తునూ కాగితంపై నమోదు చేయాలి. ఆదివారం ఆ ఆట పరిశీలన. నైట్ షిఫ్టు ఉన్న వారంలో ముగింపుల అధ్యయనం మానినా, బస్సులోని 20 నిమిషాలు మాత్రం మానను. అలసిన మెదడుతో రెండు గంటలు కూర్చోవడం కంటే తాజా మనసుతో 20 నిమిషాలు మేలని అనుభవం నేర్పింది.

ఓటముల పుస్తకం

ఓడిన ఆటలకు ఒక నోటుపుస్తకం కేటాయించాను. ఎక్కడ పొరబడ్డానో, ఆ క్షణంలో ఏమి ఆలోచించానో రెండు వాక్యాలలో రాస్తాను. మొదటి 20 ఓటములను రాసి చూడగా ఆశ్చర్యం కలిగింది. ప్రారంభపు ఎత్తులు తెలియకపోవడమే నా లోపమని అంతవరకు భావించాను. నిజానికి సగానికి పైగా ఆటలలో, ప్రత్యర్థి వేసిన చివరి ఎత్తు ఉద్దేశాన్ని గమనించకనే ఏదో ఒక బలగాన్ని ఊరకే పోగొట్టుకున్నాను. నాటి నుండి ప్రతి ఎత్తుకు ముందు "ఎదుటివారు ఏమి కోరుతున్నారు?" అని ప్రశ్నించుకుంటున్నాను.

పరిశీలనలో కంప్యూటరును చివరకే ఆశ్రయించాలి. చెన్నైలోని తెలుగు కుటుంబంలో జన్మించిన గుకేశ్ 2024 డిసెంబరు 12న, 18 ఏళ్ల ప్రాయంలో ప్రపంచ విజేత అయ్యారు. బాల్య శిక్షణలో గురువు విష్ణు ప్రసన్న ఆయనను కంప్యూటర్ విశ్లేషణకు దూరంగా ఉంచారు. యంత్రం సరైన ఎత్తును చూపగలదు. మనం తప్పు ఎత్తును ఎందుకు ఎంచుకున్నామో మాత్రం మనమే తెలుసుకోవలెను.

ఇంటిల్లిపాదికీ చదరంగం

గుడివాడలో జన్మించిన కోనేరు హంపి తండ్రి అశోక్ వద్దనే ఆట అభ్యసించి, 2002లో గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. మన వలెనే ప్రభుత్వ రంగ సంస్థ అయిన ఓఎన్‌జీసీలో ఉద్యోగం పొందారు. 2017లో తల్లి అయి, కొంత విరామం తరువాత తిరిగి బల్ల ముందు కూర్చుని, 2019లోనూ, మరల 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ విజేతగా నిలిచారు. అంతటి శిఖరాలు మనకు అందకపోవచ్చు. కాని తల్లిదండ్రులు, పిల్లలు ఒకే బల్ల ముందు కూర్చుని నేర్చుకునే భాగ్యం ప్రతి క్వార్టరులోనూ సాధ్యమే.

ఇప్పుడు ఆదివారం పరిశీలనకు నా కుమార్తె కూడా కూర్చుంటుంది. నా నోటుపుస్తకంలోని తప్పులను ఆమెకు దాచకుండా చూపిస్తాను. తన తప్పులకు తాను వేరొక పుస్తకం ప్రారంభించింది. నేటికీ ఎక్కువ ఆటలు ఆమెవే. అయితే మొన్నటి ఓటమి తరువాత ఆమె కొంతసేపు బల్లను చూసి, "నాన్నా! ఈ తప్పు కొత్తది" అన్నది. అభ్యాసకునికి అంతకు మించిన ప్రశంస వేరొకటి ఉండదు.