విరిగిన యెముక – బలపు మాత్రలు

తొడయెముక విరిగి, శస్త్రవైద్యుడు లోహపు కడ్డీ నమర్చిన పిమ్మట, కాల్షియము మాత్రలెన్ని మ్రింగిన నంత శీఘ్రముగ నతుకునని పెక్కురు తలంతురు. అది సరికాదు. కడ్డీ యెముకను కదలకుండ నిలుపును. అతుకు పని శరీరముదే. విరిగినచోట నెత్తురు గడ్డకట్టి, కొన్ని వారములలో మెత్తని కాయగా మారి, పిదప కాల్షియము చేరి గట్టిపడును. ఆ కాయకు మాంసకృత్తులు వలయును గనుక, పథ్యమని పప్పు, గ్రుడ్డు మాన్పించుట మేము మెచ్చము. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము గలదు. అది ప్రేగులనుండి రక్తమున చేరుటకు డి విటమిను కావలెను. పరీక్షలో లోపము తేలినవారికి వైద్యుడు వ్రాసిన మాత్ర తగును. లోపములేనివారు అధికముగ మ్రింగిన నెముక త్వరపడదు, మూత్రపిండములలో రాళ్లు పుట్టవచ్చును. మాత్రలు కొనితెచ్చి, తాతగారి చుట్టను మాత్రము మాన్పింపని యిండ్లను మేము చూచితిమి. పొగాకు అతుకును జాప్యము చేయును.